కలిపిన ప్రతిసారీ ఉప్పునీళ్ల సెలైనిటీ (ఉప్పదనం) మారిపోతోంది, తప్పు ఎక్కడుంది?

కూకట్‌పల్లి_క్లౌన్ (హైదరాబాద్), మే 4

అందరికీ నమస్కారం. నాది 200 లీటర్ల మెరైన్ ట్యాంక్, పెట్టి పదకొండు నెలలైంది. ఒక జత క్లౌన్ ఫిష్, ఒక గోబీ, కొన్ని జోయాలు (కోరల్‌లాంటి చిన్న జీవులు), ఒక లెదర్ కోరల్ ఉన్నాయి. వారానికి 20 లీటర్లు మారుస్తాను. దానికోసం నెలకోసారి బాల్కనీలో డ్రమ్ములో 80 లీటర్లు కలిపి పెట్టుకుంటాను. సమస్య ఏంటంటే, ప్రతిసారీ అదే ఉప్పు, అదే డ్రమ్ము, అదే పది గ్లాసులు వేస్తున్నా రీడింగ్ ఒకలా రావడం లేదు. మూడు నెలల క్రితం 31 పీపీటీ (కిలో నీళ్లలో 31 గ్రాముల లవణం), తర్వాత నెల 36, ఈసారి 33. నీళ్లు మార్చిన మర్నాడు లెదర్ కోరల్ ముడుచుకుపోతోంది, రెండు రోజుల దాకా తెరుచుకోదు. పోయిన వారం క్లౌన్లలో ఆడది మేత ముట్టలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. రిఫ్రాక్టోమీటర్ (ఒక చుక్క వేసి సెలైనిటీ చూసే మీటరు) ఉంది, కొన్నప్పుడు ఆర్‌ఓ నీళ్లతో సున్నాకు సెట్ చేశాను. ఉప్పు కంపెనీని మార్చేయాలా?

విశాఖ_అల (విశాఖపట్నం), మే 4

ఉప్పు ఇప్పుడే మార్చకండి. మార్చితే ఇంకో తెలియని విషయం వచ్చి చేరుతుంది, అసలు కారణం దొరకదు. ముందు నాలుగు ప్రశ్నలు. గ్లాసుతో కొలుస్తున్నారా, తూకం వేస్తున్నారా? డ్రమ్ములో 80 లీటర్ల గీత ఎలా పెట్టారు? ఉప్పు వేశాక ఎంతసేపటికి రీడింగ్ తీస్తారు, దేనితో కలుపుతారు? డ్రమ్ముకి మూత ఉందా?

కూకట్‌పల్లి_క్లౌన్, మే 4

గ్లాసుతోనే, స్టీల్ గ్లాసు. డ్రమ్ములో 20 లీటర్ల బకెట్‌తో నాలుగు సార్లు పోసి గీత పెట్టాను. కర్రతో ఒక పావుగంట కలిపి, నీళ్లు తేటగా అయ్యాక చూస్తాను. మూత ఉంది కానీ గట్టిగా పట్టదు, పైన ఒక బట్ట కప్పుతాను.

ల్యాబ్_టీచర్ (గుంటూరు), మే 4

గ్లాసు అన్నారు కాబట్టి ఒక పని చేయండి. వంటింటి డిజిటల్ తూకం ఉంటే, అదే గ్లాసును అదే డబ్బాలోంచి ఐదు సార్లు నింపి ఐదు సార్లూ తూచి ఇక్కడ రాయండి. ఒకసారి పైనుంచి, ఒకసారి అడుగునుంచి, ఒకసారి గడ్డ కట్టిన చోటునుంచి తీయండి. వేరే ఏ మార్పూ చేయకముందే ఈ లెక్క కావాలి.

ప్లానో_రీఫ్ (టెక్సాస్), మే 5

ఇక్కడ మేం 44 గ్యాలన్ల బ్రూట్ అనే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో, అంటే సుమారు 166 లీటర్లలో కలుపుతాం. మొదటి ఏడాది నేనూ కప్పులతోనే కొలిచాను, మీకు వచ్చిన తేడాలే నాకూ వచ్చాయి. సీజన్ మారినప్పుడల్లా గరాజ్‌లో ఉప్పు చెమ్మ పట్టేది. మెరైన్ సాల్ట్‌లో మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ ఉంటాయి, రెండూ గాలిలో తేమను లాగేసుకుంటాయి. చెమ్మ పట్టిన ఉప్పు ఒక గ్లాసులో ఎంత పడుతుందో, పొడి ఉప్పు ఎంత పడుతుందో ఎప్పటికీ ఒకటి కాదు. అందుకే ముందు తూకం. తూకం వేసినా తేమ బరువు అందులో కలిసే ఉంటుంది కాబట్టి, గాలి చొరబడని డబ్బా కూడా కావాలి.

కూకట్‌పల్లి_క్లౌన్, మే 5

తూచాను. 268, 301, 284, 322, 275 గ్రాములు. ఒకే గ్లాసు. ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు.

ల్యాబ్_టీచర్, మే 5

ఇప్పుడు లెక్క చూడండి. పది గ్లాసులంటే తక్కువలో తక్కువ 2,680 గ్రాములు, ఎక్కువలో ఎక్కువ 3,220. 80 లీటర్లకి భాగిస్తే లీటరుకి 33.5 నుంచి 40 గ్రాముల దాకా. మామూలు మెరైన్ సాల్ట్ అయితే లీటరుకి 38 గ్రాముల దగ్గర 35 పీపీటీ, అంటే సముద్రపు నీటి ఉప్పదనం, వస్తుంది, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. అంటే మీ గ్లాసు ఒక్కటే 31 నుంచి 37 దాకా ఎక్కడికైనా తీసుకెళ్లగలదు. మీకు వచ్చిన 31, 36, 33 అన్నీ ఇందులోనే ఉన్నాయి.

లీటరు సముద్రపు నీటిలో నిజంగా ఉండే లవణం 36 గ్రాములకు కాస్త తక్కువ. మరి ఉప్పు 38 ఎందుకు వేయాలంటే, ఆ పొడిలో కొన్ని లవణాలు తమలో నీటిని పట్టుకునే ఉంటాయి, ఆ నీటి బరువూ మన తూకంలో పడుతుంది. చెమ్మ పెరిగితే ఆ 38 కాస్తా 40 అవుతుంది. ఏ డబ్బాకి ఎంత పడుతుందో మీరే ఒకసారి తేల్చుకుని డబ్బా మీద మార్కర్‌తో రాసి పెట్టుకోవాలి.

భీమిలి_హేచరీ (విశాఖ జిల్లా), మే 5

నేను రొయ్యల హేచరీలో పదేళ్లుగా పని చేస్తున్నాను, రోజూ పొద్దున్నే ప్రతి ట్యాంకు సెలైనిటీ చూడటమే నా మొదటి పని. రిఫ్రాక్టోమీటర్ గురించి చెప్తాను తమ్ముడూ, ఎందుకంటే నీ అసలు సమస్య సగం అక్కడుందని నా అనుమానం. కొన్నప్పుడు ఒక్కసారి సున్నా చేసి పదకొండు నెలలు వాడావు. అది చాలదు. సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 35 దగ్గర సరిగ్గా ఉండాలని లేదు. మన భీమవరం, నెల్లూరు ఆక్వా షాపుల్లో దొరికే చాలా మీటర్లు సోడియం క్లోరైడ్ ద్రావణానికి గీతలు గీసినవి, సముద్రపు నీటికి కాదు. అలాంటి మీటరు అసలైన 35 నీటిని 36.5 అని చూపిస్తుంది. నువ్వు అందులో 35 చూసి సంతోషపడితే, ట్యాంకులో ఉండేది 33న్నర.

35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణం చిన్న సీసాలో దొరుకుతుంది, దానితో సెట్ చేయి. ఇంకోటి, చుక్క వేసిన వెంటనే చూడకు. అర నిమిషం ఆగు, నీటి చుక్క అద్దం వేడికి రావాలి. ఏసీ గదిలో సెట్ చేసి, మే నెల మధ్యాహ్నం బాల్కనీలో రీడింగ్ తీస్తే, మీటరు మీద ఏటీసీ అని (వేడికి తగ్గట్టు తనే సర్దుకుంటుందని) రాసి ఉన్నా నేను నమ్మను. సెట్ చేసిన చోటే చూడు.

ల్యాబ్_టీచర్, మే 5

స్టాండర్డ్ దొరకనివాళ్లకి: 36.5 గ్రాముల మామూలు వంట ఉప్పును ఆర్‌ఓ డీఐ నీటిలో (ఆర్‌ఓ తర్వాత రెజిన్ కూడా దాటించి లవణాలన్నీ తీసేసిన నీరు) కరిగించి మొత్తం బరువు సరిగ్గా 1,000 గ్రాములు చేస్తే, ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ సముద్రపు నీటిలాగే కనిపించాలి. నీరు లీటరు కాదు, ఉప్పూ నీరూ కలిపి కిలో. ఇది రిఫ్రాక్టోమీటర్‌కి మాత్రమే పనికొస్తుంది. కండక్టివిటీ మీటర్‌కి (నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు కొలిచేది) లెక్క వేరు, దానికి ఇది వాడకండి. ట్యాంకులో అసలు పోయకండి. గ్రాములో పదో వంతు చూపించే తూకం లేకపోతే చేయకండి, సీసా కొనుక్కోవడమే మేలు.

కొత్త_మెరైన్ (నౌపడ), మే 6

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఊరి చుట్టూ ఉప్పు మడులే. సముద్రపు నీళ్లు ఎండితే వచ్చిన కల్లుప్పే కదా, దాన్నే తిరిగి నీళ్లలో కలిపితే సముద్రపు నీళ్లు రావా? మెరైన్ సాల్ట్ ధర చూస్తే భయమేస్తోంది.

భీమిలి_హేచరీ, మే 6

రావు బాబూ. ఉప్పు మడిలో నీళ్లు చిక్కబడే కొద్దీ ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగున పడిపోతాయి, అంటే కాల్షియం చాలావరకు అక్కడే పోతుంది. ఆ తర్వాత ఉప్పు గడ్డ కడుతుంది. ఉప్పు తీశాక మిగిలిన చేదునీళ్లను వదిలేస్తారు, మెగ్నీషియం, పొటాషియం అంతా అందులో పోతుంది. నీ చేతికి వచ్చేది దాదాపు ఉట్టి సోడియం క్లోరైడ్. దాంతో సెలైనిటీ 35 వస్తుంది, మీటరు బాగుందంటుంది, కానీ అది సముద్రపు నీరు కాదు. చేప కొన్నాళ్లు ఉంటుందేమో, కోరల్ మాత్రం బతకదు. దయచేసి ప్రయత్నించకు.

నెల్లూరు_నీలం (నెల్లూరు), మే 6

మరి నేరుగా సముద్రం నుంచి తెచ్చుకుంటే? నాకు తీరం అరగంట దూరం.

విశాఖ_అల, మే 6

నేను మూడేళ్లు అలాగే తెచ్చాను, ఇప్పుడు మానేశాను. ఖర్చు లేదన్న మాట నిజమే కానీ ఒకే రకం నీళ్లు కావాలంటే అది దారి కాదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు ఉప్పగా బాగుంటాయి. వర్షాకాలం చివరికి వచ్చేసరికి గంగ, మహానది, గోదావరి నీళ్లన్నీ బంగాళాఖాతంలో కలిసి, తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది, ఆ పలచని నీళ్లను మన ఒడ్డుకే మోసుకొస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో నేను తెచ్చిన క్యాన్లు చాలాసార్లు 30 కన్నా కిందే చూపించాయి. నీలం గారూ, మీ వైపు కూడా ఆ నెలల్లో ఇదే ఉంటుంది, పైగా పెన్న ఉంది. వాన పడిన మర్నాడు ఒడ్డున మురికి కాలువల నీళ్లు కలవడం అదనం.

భీమిలి_హేచరీ, మే 6

అలగారు చెప్పింది నిజం. మా దగ్గర గోస్తనీ కలిసే చోటు ఉంది, పోటు మీద తీసిన నీటికీ ఆటు మీద తీసిన నీటికీ కూడా తేడా తెలుస్తుంది. హేచరీలో మేం నేరుగా వాడం. ఇసుక ఫిల్టర్ దాటించి, బ్లీచింగ్ వేసి, నిలవ పెట్టి, గాలి కొట్టించి, మిగిలిన క్లోరిన్‌కి సోడియం థయోసల్ఫేట్ వేసి, ఓటీ చుక్కలతో (క్లోరిన్ ఉంటే రంగు మారే పరీక్ష) క్లోరిన్ లేదని చూసుకున్నాకే లోపలికి పంపుతాం. ఇంట్లో ఇదంతా ఎవరు చేస్తారు? మనుషులున్నారు కాబట్టి మాకు కుదురుతుంది.

కూకట్‌పల్లి_క్లౌన్, మే 9

స్టాండర్డ్ సీసా వచ్చింది. నా మీటర్‌లో 37 చూపించింది! అంటే ఇన్నాళ్లూ రెండు ఎక్కువ చెప్తోంది. నేను 31 అనుకున్నది నిజానికి 29 అన్నమాట. ట్యాంకు నీళ్లు 35 అనుకుంటున్నాను, అవి 33. స్క్రూ తిప్పి సెట్ చేశాను, రెండోసారి చుక్క వేసి చూస్తే 35 సరిగ్గా వచ్చింది.

బకెట్ కూడా తూచాను. అంచుదాకా నింపితే నీళ్లు ఒక్కటే 21.3 కిలోలు ఉన్నాయి. నాలుగు బకెట్లంటే 85 లీటర్లు, నేను 80 అనుకుంటున్నాను. ఇప్పుడు ట్యాంకును వెంటనే 35కి తెచ్చేయాలా?

విశాఖ_అల, మే 9

వద్దు, మెల్లగా. చేపలకు ఉప్పు తగ్గడం కన్నా ఉన్నట్టుండి పెరగడమే ఎక్కువ కష్టం. మీ ట్యాంకులో రోజుకి ఎన్ని లీటర్లు ఆవిరవుతాయి? మూడు అనుకుందాం. రోజూ ఆ మూడు లీటర్ల మంచినీళ్ల బదులు 35 ఉన్న ఉప్పునీళ్లు పోయండి. లీటరుకి 35 గ్రాముల చొప్పున రోజుకి సుమారు 105 గ్రాముల లవణం చేరుతుంది, 200 లీటర్లలో అది అర పీపీటీ. నాలుగు రోజుల్లో 35కి వస్తారు. రోజూ చూసుకోండి, 35 రాగానే మళ్లీ మంచినీళ్లకు మారండి. ఈ ఒక్క సందర్భంలో తప్ప టాప్ అప్‌కి (ఆవిరైన నీళ్లు నింపడానికి) ఎప్పుడూ ఉప్పునీళ్లు పోయకూడదు. నీళ్లే ఆవిరవుతాయి, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది.

మీరు మంచినీళ్లు ఎక్కడివి వాడుతున్నారో ఇంకా చెప్పలేదు.

కూకట్‌పల్లి_క్లౌన్, మే 9

వంటింటి ఆర్‌ఓ ఫిల్టర్‌వి అన్నా. బోరు నీళ్ల టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 900 దాకా ఉంటుంది, ఫిల్టర్ నుంచి 85 వస్తుంది.

ప్లానో_రీఫ్, మే 10

85 అంటే సెలైనిటీ లెక్కలో దాదాపు ఏమీ లేదు, లీటరుకి గ్రాములో పదో వంతు కూడా కాదు. కాబట్టి మీ 31, 36లకి అది కారణం కాదు. కానీ ఆ 85లో ఏముందన్నదే సమస్య. తాగే నీళ్ల ఫిల్టర్లలో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, అది కొంత బోరు నీటిని నేరుగా కలిపేస్తుంది. నైట్రేట్, సిలికేట్ అలాగే వచ్చేస్తాయి, అద్దం మీద గోధుమరంగు నాచు అందుకే పడుతుంది. మెంబ్రేన్ (ఫిల్టర్‌లో లవణాలను ఆపే పొర) తర్వాత, కంట్రోలర్‌కి ముందు నుంచి ఒక పైపు తీయించి, దాని వెనక ఒక డీఐ రెజిన్ గొట్టం పెట్టుకోండి. టీడీఎస్ పెన్ సున్నా చూపించాలి. ఒకటి, రెండు రావడం మొదలైతే రెజిన్ అయిపోయినట్టే. మున్సిపల్ నీళ్లు వాడేవాళ్లు క్లోరిన్ పట్టే కార్బన్ ఫిల్టర్‌ని టైముకి మార్చాలి, లేకపోతే క్లోరిన్ మెంబ్రేన్‌నే తినేస్తుంది.

కూకట్‌పల్లి_క్లౌన్, మే 10

అద్దం మీద ఆ నాచు ఉంది! వారానికి మూడుసార్లు గీకుతున్నాను. మెకానిక్‌ని పిలుస్తాను. కలపడం గురించి కూడా చెప్పండి, పావుగంట చాలదా?

విశాఖ_అల, మే 10

చాలదు. కర్ర పక్కన పెట్టి ఒక చిన్న పవర్‌హెడ్ (నీళ్లు తిప్పే పంపు) కొనండి, డ్రమ్ము అడుగునుంచి పైకి తిప్పేలా పెట్టండి. తేటగా కనిపించినంత మాత్రాన కరిగినట్టు కాదు, అడుగున చిక్కగా, పైన పలచగా ఉంటుంది, మీరు పైనుంచి చుక్క తీస్తారు. నేను రాత్రి కలిపి తెల్లారి చూస్తాను. ఎప్పుడూ నీళ్లు ముందు, ఉప్పు తర్వాత, అదీ కొంచెం కొంచెంగా తిరుగుతున్న నీళ్లలో చల్లాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా చిక్కబడి కాల్షియం కార్బొనేట్ తెల్లగా విడిపోతుంది. అలా విడిపోయింది మళ్లీ కరగదు, మీ డీకేహెచ్ (ఆల్కలినిటీ, అంటే నీటిలోని కార్బొనేట్ల కొలత) పడిపోతుంది.

డ్రమ్ము ఏంటి, నీలం రంగుదా? ముందు అందులో ఏం ఉండేదో తెలుసా?

కూకట్‌పల్లి_క్లౌన్, మే 10

కొత్తదే అన్నా, నీళ్లకోసం కొన్నది. కుళాయి మాత్రం ఇత్తడిది.

విశాఖ_అల, మే 10

ఆ కుళాయి ఈరోజే తీసేయండి. ఇత్తడిలో రాగి ఉంటుంది, ఉప్పునీళ్లలో కొంచెం కొంచెంగా దిగుతుంది, కోరల్స్‌కీ రొయ్యలకీ అది విషం. మీ లెదర్ ముడుచుకోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. ప్లాస్టిక్ కుళాయి వేయించండి.

ట్యాంక్_రాత్రి (బెంగళూరు), మే 11

ఒక విషయంలో నాది వేరే అభిప్రాయం. అలగారు 80 లీటర్లు కలిపి నెలంతా వాడటం గురించి ఏమీ అనలేదు. నా ఉప్పు డబ్బా మీద కలిపిన కొన్ని గంటల్లోనే వాడమని ఉంది. నిలవ ఉంచితే గోడలకి తెల్ల పొర పడుతుంది, నేను చూశాను. వారానికి 20 లీటర్లు కావాలంటే 20 లీటర్లే కలపాలి.

విశాఖ_అల, మే 11

నేను రెండు వారాలు ఉంచుతాను, నాకు డీకేహెచ్ పడలేదు. మూత గట్టిగా ఉండాలి, పంపు రోజుకి కాసేపు తిరగాలి.

ల్యాబ్_టీచర్, మే 11

ఇద్దరు చెప్పేదీ నిజమే, ఉప్పు రకాన్ని బట్టి. సహజ సముద్రపు నీటిలో ఆల్కలినిటీ సుమారు 7 డీకేహెచ్, లీటరుకి కాల్షియం 410–420, మెగ్నీషియం 1,290 మిల్లీగ్రాముల దగ్గర. కొన్ని ఉప్పులు దీనికి దగ్గరగా ఉంటాయి, అవి నిలవ ఉంటాయి. కోరల్స్ పెరుగుదలకని 11, 12 డీకేహెచ్ వచ్చేలా చేసినవి ఉంటాయి. అక్కడ కార్బొనేటూ కాల్షియమూ రెండూ ఎక్కువే కాబట్టి కలిసి అడుగున పడిపోవడానికి సిద్ధంగా ఉంటాయి. హీటరు పెట్టినా, ఎండలో వేడెక్కినా, ఎక్కువసేపు గట్టిగా తిప్పినా అది త్వరగా జరుగుతుంది. హైదరాబాద్ మే నెలలో బాల్కనీలో డ్రమ్ము అంటే నాకు భయంగానే ఉంది. కలిపిన రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి డీకేహెచ్ చూడండి. తేడా అర కన్నా ఎక్కువ ఉంటే చిన్న బ్యాచ్‌లకి మారండి.

ఇంకోటి మర్చిపోయాను. 20 కిలోల డబ్బా రవాణాలో ఊగి ఊగి సన్నపొడి కిందకీ పెద్ద పలుకులు పైకీ చేరతాయి. సెలైనిటీ ఒకటే వచ్చినా ఒక బ్యాచ్‌లో డీకేహెచ్ 8, ఇంకోదానిలో 10 రావడానికి ఇదే కారణం. మూత బిగించి డబ్బాను నేల మీద అటూ ఇటూ దొర్లించి, ఆ తర్వాతే ఉప్పు తీయండి, ప్రతిసారీ. చిన్న ప్యాకెట్లు కొని ఒక్కో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలిపేసేవాళ్లకి ఈ బాధ లేదు.

కూకట్‌పల్లి_క్లౌన్, మే 11

ట్యాంక్_రాత్రి గారూ, టీచర్ గారూ, డ్రమ్మును బాత్రూమ్ పక్కన నీడలోకి మార్చేశాను. ఇకనుంచి 40 లీటర్లే కలుపుతాను. ఒకవేళ రీడింగ్ అటూ ఇటూ వస్తే సరిచేయడానికి లెక్క ఉందా, లేక అంతా పారబోయాలా?

భీమిలి_హేచరీ, మే 11

పారబోయకు. తక్కువ వస్తే, ఎంత తక్కువో దాన్ని లీటర్లతో గుణించు. 40 లీటర్లు 33 వచ్చిందనుకో, రెండు నలభైలు ఎనభై గ్రాములు, ఉప్పులో తేమ ఉంటుంది కాబట్టి ఇంకో పదో వంతు, మొత్తం 88 గ్రాములు. ఎక్కువ వస్తే, 37 వచ్చిందనుకో, నలభైని 37తో గుణించి 35తో భాగించు, 42.3 వస్తుంది. అంటే 2.3 లీటర్ల మంచినీళ్లు కలుపు. గంట తిప్పి మళ్లీ చూడు.

కొత్త_మెరైన్, మే 12

నేను కోరల్స్‌తో మొదలుపెట్టాలనుకుంటున్నాను, 35 కచ్చితంగా ఉండాలా? షాపులో స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్లతో పోలిస్తే ఎంత బరువో) 1.023 చాలన్నారు.

విశాఖ_అల, మే 12

1.023 అంటే 31 దగ్గర, చేపలు మాత్రమే ఉంటే బతుకుతాయి. కోరల్స్‌కి 1.026, అంటే 35. ఎర్రసముద్రంలో 40 ఉంటుంది, మన బంగాళాఖాతంలో తక్కువ ఉంటుంది, అన్నిచోట్లా జీవులున్నాయి. మీరు ఏ అంకె ఎంచుకున్నా అది వారం వారం కదలకుండా ఉండాలి. మీ ట్యాంకు 35 ఉండి, ప్రతి వారం పదో వంతు నీళ్లు 31వి పోస్తే మొదటిసారి 34.6 అవుతుంది, ఏమీ తెలియదు. అలాగే నెలల తరబడి పోస్తే ట్యాంకు మెల్లగా 31కే చేరుతుంది. ఒకసారి 31, ఒకసారి 36 పోస్తే ఇంకా కష్టం, ప్రాణికి అలవాటు పడే టైమే ఉండదు.

కోరల్స్ కొనేముందు ఇంకో సంగతి. రాతి కోరల్స్, సీ ఫ్యాన్లు, నల్ల కోరల్స్ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, సముద్ర గుర్రాలు కూడా. ఎవరైనా తక్కువ ధరకి అమ్ముతామన్నా తీసుకోకండి.

కూకట్‌పల్లి_క్లౌన్, జూన్ 22

ఆరు వారాలైంది, మూడు బ్యాచ్‌లు కలిపాను. మొదటిది 35, రెండోది 34 (88 కాదు, 45 గ్రాములు వేస్తే సరిపోయింది), మూడోది 35. డీకేహెచ్ 8.4, 8.2, 8.4, హన్నా చెకర్ అనే డిజిటల్ మీటర్‌తో. ట్యాంకును అలగారు చెప్పినట్టే తీసుకొచ్చాను, నాకు ఐదు రోజులు పట్టింది. ప్లాస్టిక్ కుళాయి వేయించాను, డీఐ గొట్టం పెట్టించాను, టీడీఎస్ సున్నా. గోధుమరంగు నాచు పూర్తిగా పోలేదు కానీ వారానికి ఒకసారి గీకితే చాలు. లెదర్ కోరల్ నీళ్లు మార్చిన రోజు సాయంత్రానికే తెరుచుకుంటోంది. క్లౌన్లు కుండ పెంకు మీద గుడ్లు పెట్టాయి, నారింజ రంగులో, మా పాప రోజూ స్కూల్ నుంచి రాగానే అక్కడే కూర్చుంటోంది. మీ అందరికీ ఎంత చెప్పినా తక్కువే.

భీమిలి_హేచరీ, జూన్ 22

చాలా సంతోషం తమ్ముడూ. వానలు మొదలయ్యాయి, ఉప్పు డబ్బా మూత చూసుకో. మీటరు నెలకోసారి స్టాండర్డ్‌తో చూడు.

కూకట్‌పల్లి_క్లౌన్, జూన్ 23

నిన్న రాత్రే చూశాను అన్నా, 35 మీదే ఉంది. కొత్త డబ్బా తెరిచాను, దొర్లించి తూస్తే దీనికి లీటరుకి 39 పడుతోంది, పాతదానికి 38. మూత మీద రాసి పెట్టాను.